పాత కొట్టులో దొరికిన ఫోటోలు, అరచేతి సైజు బొమ్మలు, తుడవకూడని మచ్చలు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆమదాలవలసలో పాత పేపర్లు కొనే కొట్టులో ఇరవై మూడు బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు దొరికాయి, ఎవరివో తెలియదు, వాటిని చూసి రంగూ కాగితం గుడ్డా కలిపి మిక్స్‌డ్ మీడియాలో చిన్న చిన్న ముఖచిత్రాలు చేద్దామని కూర్చుంటే మూడు పాడయ్యాయి, పోలిక రావడం లేదు, వచ్చిన ఒక్కటేమో దండ వేసి గోడకి తగిలించిన ఫోటోలా ఉంది. ఇదీ మీ బాధ. అసలు ఫోటో మీదే రంగు వేయొచ్చా, ముక్కూ మొహం తెలియని వాళ్లని గీస్తే తప్పా, ఏ జిగురు, ఏ కాగితం అని కూడా అడిగారు. ఒక ఫోటోలో ఒకరి మొహాన్ని ఎవరో పిన్నుతో గీకేశారని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశారు. దాని గురించి నేనూ చివర్లోనే చెబుతాను.

ముందు నా సంగతి. 1979లో పదో తరగతి తప్పి, విజయనగరంలో గంటస్తంభానికి దగ్గర్లో ఒక స్టూడియోలో టచింగ్ కుర్రాడిగా చేరాను. టచింగ్ అంటే ఈ కాలం వాళ్లకి తెలియదు. కింద నుంచి దీపం వెలిగే వాలు బల్ల మీద నెగటివ్ పెట్టి, గట్టి పెన్సిల్‌ని సూదిలా చెక్కి, మొహం మీద మచ్చ ఉన్న చోట చిన్న చిన్న చుక్కలు పెట్టాలి. మచ్చ నెగటివ్‌లో పల్చగా ఉంటుంది, అక్కడ పెన్సిల్ నింపితే ప్రింటులో ఆ చోటు తెల్లబడి మచ్చ మాయమవుతుంది. పెద్దవాళ్ల బుగ్గల మీద అమ్మవారు పోసిన గుంటలు ఇంకా కనిపించే రోజులవి, మశూచి మన దేశం నుంచి పోయింది 1975లోనే కదా. ఆ గుంటలన్నీ నేనే పూడ్చాను. పెళ్లిచూపులకి పంపే ఫోటో అయితే పుట్టుమచ్చ కూడా తీసేయమనేవారు. కళ్లు మూసేసినవాళ్లకి ప్రింటు మీద సన్న బ్రష్షుతో కళ్లు తెరిపించాను, ప్రాణం పోయినవాళ్లకి కూడా. ఆరేళ్లు అదే పని. తర్వాత చదువుకుని డ్రాయింగు మాస్టారినయ్యాను, ఈ మధ్యే రిటైరయ్యాను, ఈ చిన్న బొమ్మలు మాత్రం పదకొండేళ్లుగా చేస్తున్నాను. తీసేయడంలో చెయ్యి తిరిగినవాడిని కాబట్టే మీకు తీసేయొద్దని చెబుతున్నాను. ఎందుకో ఒక బొమ్మ సంగతి చెబితే తెలుస్తుంది.

ఏడెనిమిదేళ్ల క్రితం మా కోట వైపు ఒక పాత సామాన్ల కొట్టులో, అద్దం పగిలిన ఫ్రేములో ఒక ఫోటో కనబడింది. "ఏటి మాస్టారూ, సచ్చిపోయినోల్ల ఫోటోలు ఎవులు కొంతారు, ఫ్రేము కావాలంటే సెప్పండి" అన్నాడు కొట్టాయన, ఫోటో ఊరికే ఇచ్చేశాడు. నడివయసు మనిషి, కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు, కూర్చోలేదు. నల్ల చొక్కా, నల్ల తలపాగా. ఎడమ చేతి మీద, మోచేతికి పైన, తెల్లగా పేలిపోయినట్టు గుండ్రటి మరక. వెనక ఖరగ్‌పూర్‌లో ఏదో స్టూడియో ముద్ర. మరకని పాడైపోయిన చోటు అనుకుని బొమ్మలో తుడిచేశాను, పాత అలవాటు. చొక్కా, తలపాగా కాటుక నలుపులో వేసి, వెనక పాత పంచాంగం కాగితాలు అతికించి, అయిదు అంగుళాలు ఏడు అంగుళాల్లో బొమ్మ చేశాను. గంభీరంగా వచ్చింది. నాకు బాగా గర్వంగా ఉండేది దాన్ని చూస్తే. స్నేహితుడి ఫ్రేముల కొట్టులో తగిలించాను.

ఆరు నెలలకి ఒకాయన ఫ్రేము కట్టించుకోవడానికి వచ్చి దాని ముందు నిలబడిపోయాడట. మర్నాడు ఇంట్లోంచి అదే ఫోటో ఇంకో ప్రింటు పట్టుకొచ్చాడు. వాళ్ల తాత. ఖరగ్‌పూర్ స్టేషన్లో పోర్టరు. "నల్ల చొక్కా ఏంటండీ, ఎర్ర చొక్కా, ఎర్ర తలపాగా. బిళ్లేదీ?" అన్నాడు. నేను తుడిచేసిన మరక ఆయన చేతికి కట్టుకున్న ఇత్తడి బిళ్ల, దీపం పడి మెరిసింది. ఆ మనిషి ఫోటో దిగిందే ఆ బిళ్ల కనబడాలని.

సిగ్గేసింది, ఎందుకంటే ఎరుపు సంగతి నాకు తెలిసి ఉండాల్సింది. డార్క్ రూములో ఎర్ర బల్బు వేసుకుని ఆరేళ్లు పనిచేసినవాడిని. ఫోటో ప్రింటు వేసే బ్రోమైడ్ పేపరుకి ఎరుపు కనబడదు, అందుకే ఆ బల్బు వెలుగుతున్నా పేపరు నల్లబడదు. వెనకటి రోజుల్లో చాలా స్టూడియోలు వాడిన ఆర్థో ప్లేట్లకీ ఫిల్ములకీ అదే గుడ్డితనం. వాటికి కనబడని ఎరుపు ప్రింటులో నల్లగా వస్తుంది. కుంకుమ బొట్టు కాటుక బొట్టయిపోతుంది, తాంబూలం వేసుకున్న పెదాలు నల్లబడతాయి, మన చర్మంలో ఉండే ఎరుపు చాయ వల్ల మనుషులందరూ ఉన్నదానికన్నా నల్లగా కనిపిస్తారు. నీలం మాత్రం తెల్లబడిపోతుంది, ఆకాశం వెలిసిన గోడలా ఉంటుంది, నీలం రంగు చీర తెల్లచీర అనిపిస్తుంది. మీ దగ్గరున్న వాటిలో ఆడవాళ్ల బొట్టు జుట్టుతో సమానంగా నల్లగా ఉందా చూడండి. ఉంటే, ఆ ఫోటోలో మిగతా నలుపులన్నిటినీ ఒకసారి అనుమానించాలి. చీర అంచు ఎరుపేమో, జాకెట్టు మెరూనేమో. తెల్లచీర చూసి విధవరాలని నిర్ణయించేయకండి, ఆవిడది నీలం చీర కావచ్చు.

ఇక పోలిక. మీ ఫోటోల్లో మనుషులు ఎవరో మీకు తెలియదు, చూసేవాళ్లకీ తెలియదు, మరి పోలిక ఎవరికి రావాలి? పోలిక కోసం పాకులాడి మీరు చివరికి ఫోటోనే మళ్లీ గీస్తున్నారు, అది ఫోటో మీకన్నా బాగా చేసేసింది. నేనిప్పుడు ఫోటో చూసేటప్పుడు వెతికేది వేరే. నాకు అర్థం కానిది ఇందులో ఏముంది? చేతి మీద మరక, చీర కొంగు కింద నుంచి కనిపించే ఎవరిదో పిల్లాడి కాలు, మెడలో గొలుసు ఒక పక్కకి జరిగి ఉండటం, ఒక చెప్పు ఉండి ఒకటి లేకపోవడం. అలాంటిది ఒకటి దొరికేదాకా పెన్సిల్ పట్టను. దొరికాక ఆ ఒక్కదాన్నీ మాత్రం ఉన్నదున్నట్టు వేస్తాను, మిగతాదంతా నా ఇష్టం. ఇరవై మూడూ గోడకి గుచ్చి వారం రోజులు వస్తూ పోతూ చూడండి, నాలుగో అయిదో మిమ్మల్ని ఆపుతాయి. మిగతావి డబ్బాలో పెట్టేయండి.

అసలు ఫోటో మీద రంగు వేయకండి. చాలామంది వేస్తారు, చూడ్డానికి బాగుంటుంది కూడా, కానీ ఆ ప్రింటు ప్రపంచంలో ఒక్కటే ఉండొచ్చు, మీకు నచ్చని రోజున రంగు వెనక్కి రాదు. అంచులు పట్టుకుని తీయండి, వేలిముద్రల నూనె ఏళ్ల తర్వాత పసుపు మరకగా తేలుతుంది. పక్కకి వంచి చూస్తే నల్లటి చోట్ల వెండి పూతలా మెరిస్తే కంగారు పడి తుడవకండి, అది ఫోటోలోని వెండే పైకి తేలడం. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని లాగొద్దు, బొమ్మ అద్దం మీద ఉండిపోయి కాగితం చేతికొస్తుంది, అద్దం మీద నుంచే స్కాన్ చేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక పలాస వైపు నుంచి నాకు ఒక తడిసిన ఆల్బం వచ్చింది, ఫోటోలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఇటుకలా ఉన్నాయి. చల్లటి మంచినీళ్ల పళ్లెంలో నానబెట్టి ఒక్కొక్కటే వాటంతట అవి విడిపోయేదాకా ఆగి, బొమ్మ పైకి వచ్చేలా నూలు గుడ్డ మీద నీడలో ఆరబెట్టాం. సగం పైగా బతికాయి. తొందరపడి విడదీయబోయిన మొదటి నాలుగూ పోయాయి, ఆ తొందర నాదే.

స్కానర్ ఉంటే 600 డీపీఐలో స్కాన్ చేయండి. లేకపోతే పొద్దున్నే వరండాలో నీడలో ఫోటోని నేల మీద పరిచి, ఫోను సరిగ్గా పైనుంచి పట్టుకుని, ఫ్లాష్ లేకుండా తీయండి. తర్వాత జిరాక్స్ కొట్టుకి వెళ్లి మీరు చేయబోయే బొమ్మ సైజులోనే నాలుగు లేజర్ ప్రింట్లు తీయించండి. ఇంట్లో ఇంకు ప్రింటరు వద్దు, తడి తగలగానే చాలావాటి ఇంకు కారిపోతుంది, లేజర్ పొడి కారదు. ఒక ప్రింటు గోడకి. ఒకటి వెలుగునీడలు గుర్తు పెట్టుకోవడానికి. ఒకటి చింపడానికి. ఒకటి అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పి తీయించాలి, అది బొమ్మని దించడానికి, అదెలాగో కింద చెబుతాను. తిప్పడం మర్చిపోతే చొక్కా గుండీలు ఆడవాళ్ల వైపుకి వెళ్లిపోతాయి, వెనక బోర్డు మీద అక్షరాలుంటే మరీ నవ్వులపాలు.

కాగితం విషయంలో పొదుపు చేయకండి, మిగతా అన్నిట్లో చేయొచ్చు. 300 జీఎస్ఎం వాటర్‌కలర్ కాగితం ఒక పెద్ద షీటు కొంటే ఎన్నో బొమ్మలు వస్తాయి. బూడిద రంగు అట్ట, స్వీట్ల డబ్బా అట్ట వాడితే నాలుగేళ్లకి గోధుమ రంగుకి తిరిగి పెళుసెక్కుతుంది. వడ్రంగి దగ్గర మిగిలిన సన్న ప్లైవుడ్ ముక్కలు చాలా బాగుంటాయి, నాకు అవే ఇష్టం, గట్టిగా గీకినా తట్టుకుంటాయి. పెళ్లి శుభలేఖల అట్ట వాడాలనిపిస్తే దాని నున్నటి పూత పోయేలా గరుకు కాగితంతో రుద్ది అప్పుడు జెస్సో, అంటే రంగు పట్టడానికి అడుగున వేసే తెల్లటి పూత, వేయండి, లేకపోతే రంగు పొట్టులా ఊడొస్తుంది. ఏదైనా సరే జెస్సో రెండు వైపులా వేయాలి. ఒక వైపే వేస్తే అప్పడంలా వంగుతుంది. మీ మూడింటిలో ఒకటి వంగిపోయిందన్నారు, కారణం ఇదే అయి ఉంటుంది.

మీరున్న చోట ఒక అదృష్టం ఉంది, పొందూరు పక్కనే. పత్తిని వాలుగ చేప దవడతో ఏకి వడికిన నూలుతో నేసిన ఖద్దరు అది, సన్నంగా ఉన్నా నేత కంటికి కనబడుతుంది. ఇంట్లో చిరిగిపోయిన పాత పంచె ఉంటే రెండుసార్లు ఉతికి గంజి పోగొట్టి చిన్న ముక్క కత్తిరించండి. బొమ్మలో చొక్కా ఉన్న చోట ఆ గుడ్డనే అతికించి పైన పల్చటి రంగు వేస్తే బ్రష్షుతో రాని మడత వస్తుంది. జనపనార పోగు కూడా వాడతాను, మాకు నెల్లిమర్ల వైపు జూట్ మిల్లుల పుణ్యమా అని దానికి కొదవ లేదు. జడకి, తలపాగాకి, మంచం నులకకి బాగుంటుంది. అయితే ఒక బొమ్మలో రెండు రకాల కన్నా ఎక్కువ పెట్టకండి. గుడ్డా దారం ఆకు గుండీ బస్సు టిక్కెట్టు తపాలా బిళ్ల అన్నీ ఒకే అరచేయంత బొమ్మలో కూరితే స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ అట్టలా ఉంటుంది. నేను చేసిన మొదటి పాతిక అలాంటివే, అటక మీద ఉన్నాయి, ఎవరికీ చూపించను.

జిగురు. పైపైన కాగితం ముక్కలకి ఫెవికాల్ నీళ్లు కలిపి వాడితే నడుస్తుంది, కానీ తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది, పైన తడి రంగు వేస్తుంటే కాగితం లేస్తుంది. అక్రిలిక్ మ్యాట్ మీడియం కొనుక్కోండి, ఒకసారి ఆరితే నీళ్లకి లొంగదు, జిగురుగానూ పైపూతగానూ పనికొస్తుంది. మైదా పిండి జిగురు వద్దు. పుస్తకాలు కుట్టేవాళ్లు అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవారు, అది విషం, పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు, కలపకపోతే ఒక్క వర్షాకాలానికే పురుగులు మీ బొమ్మతో భోజనం చేస్తాయి.

బొమ్మ దించడం అంటే, జెస్సో ఆరిన చోట జెల్ మీడియం (అక్రిలిక్ రంగుల కొట్టులో దొరికే చిక్కటి జిగురు లాంటిది) ఒక పొర రాసి, తిప్పి తీయించిన లేజర్ ప్రింటుని బోర్లా అద్ది, గాలి బుడగలు లేకుండా పాత ఏటీఎం కార్డుతో తోసి, ఒక రాత్రి వదిలేయాలి. పొద్దున్న వెనక కాగితాన్ని తడిపి వేలి కొసతో మెల్లగా రుద్దితే కాగితం ఉండలు ఉండలుగా వచ్చేస్తుంది, నలుపు మాత్రం జెల్‌లో ఉండిపోతుంది. ఒకేసారి మొత్తం రుద్దకండి, ఆరాక తెల్లటి బూజులా మిగిలింది కనబడుతుంది, మళ్లీ తడిపి మళ్లీ రుద్దాలి, మూడుసార్లు పడుతుంది. చాలామంది మొహాన్ని దించి చుట్టూ రంగు వేస్తారు. నేను తలకిందులుగా చేస్తాను. కుర్చీని దించుతాను, చేతిని దించుతాను, చీర అంచుని దించుతాను, మొహం మాత్రం చేత్తో వేస్తాను. మొహం దించితే మీరు చేయడానికి ఏమీ మిగలదు, పిల్లల రంగుల పుస్తకంలా చుట్టూ నింపడమే. కుర్చీ ఫోటోలోంచి వచ్చి మొహం బ్రష్షులోంచి వస్తే ఆ రెంటికీ మధ్య ఒక ఎడం కనబడుతుంది. నాకు ఆ ఎడం కావాలి. అందరూ ఒప్పుకోరు, మీరూ ఒప్పుకోనక్కర్లేదు, రెండూ చేసి చూడండి.

మొహం వేయడం గురించి. అంగుళంన్నర మొహంలో కన్ను అంటే మూడు మచ్చలు. రెప్ప కింద నీడ, నల్లగుడ్డు, దాని పక్కన తెల్లటిది కూడా కాదు, లేత బూడిద. వెంట్రుకలు గీయబోయారో అయిపోయింది. కళ్లు చికిలించి ఫోటోని చూడండి, మొహం మూడు ముక్కలుగా విడిపోతుంది, వెలుగు, మధ్యస్తం, నీడ. ఆ మూడింటినీ 4వ నంబరు బ్రష్షుతో వేసేయండి, సున్నా నంబరు బ్రష్షుని చివరి పది నిమిషాల దాకా డబ్బాలోంచి తీయకండి. కళ్లు తల మొత్తానికి సగం ఎత్తులో ఉంటాయి, నుదురు చిన్నది చేసేయడం అందరూ చేసే తప్పు, జుట్టు కింద కూడా తల ఉంటుందని మర్చిపోతాం. ప్రింటునీ మీ బొమ్మనీ రెంటినీ తలకిందులు పెట్టి పోల్చుకోండి, తప్పు వెంటనే పట్టిస్తుంది.

స్కిన్ కలర్ అని అమ్మే గులాబీ రంగు సీసా మన మొహాలకి పనికిరాదు, అది ఎవరి చర్మమో నాకు ఇప్పటికీ తెలియదు. బర్న్ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, అల్ట్రామెరీన్ నీలం, తెలుపు, ఈ నాలుగు చాలు. సియెన్నాలో నీలం కలిపితే మన నీడ వస్తుంది, నలుపు ట్యూబు అక్కర్లేదు. ఎండాకాలంలో అక్రిలిక్ పళ్లెంలోనే ఎండిపోతుంది, తడి గుడ్డ మీద బటర్ పేపరు పరిచి దాని మీద రంగులు కలుపుకోండి. స్టూడియోల్లో ఫోటోలకి రంగులద్దడానికి వాడిన ఫోటో కలర్స్ చిన్న సీసాలు ఇప్పటికీ దొరుకుతాయి. పారదర్శకంగా చాలా అందంగా ఉంటాయి, కానీ ఎండకి వెలిసిపోతాయి, అమ్మే బొమ్మల్లో వాడకండి. బొగ్గు, పెన్సిల్ గీతలు ఆరిన రంగు మీద ఆఖర్న వేసి, గీతలు చెదరకుండా పట్టి ఉంచే స్ప్రే ఫిక్సేటివ్ ఆరుబయట కొట్టండి. ఆయిల్ రంగు ఎప్పుడైనా కలపాలనిపిస్తే అక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద అక్రిలిక్ వేయకూడదు, నిలవదు.

మీ బొమ్మ దండ ఫోటోలా ఎందుకుందో నాకు బాగా తెలుసు, ఆ దండ ఫోటోలు తయారుచేసింది మేమే కదా. ఇంట్లో పెద్దాయన పోతే విడిగా ఫోటో ఉండేది కాదు, ఎప్పటిదో పెళ్లి గ్రూపు ఫోటో పట్టుకొచ్చి పదో రోజుకి కావాలనేవారు. దాన్ని మళ్లీ ఫోటో తీసి, ఆయన తల ఒక్కదాన్నీ పెద్దది చేసి, పక్కవాళ్ల భుజాలు చెరిపేసి, వెనక పొగలాంటి తెలుపు నింపి, చొక్కా లేని మనిషికి కోటు కూడా గీసేవాళ్లం. మొహం నట్టనడుమ, కింద భుజాల దాకా, వెనక శూన్యం, కళ్లు తిన్నగా మన మీద. మీరు తెలియకుండా ఆ నమూనానే పాటించారు. దాన్ని వెనక్కి తిప్పండి. పక్కవాళ్ల మోచెయ్యి ఉంటే ఉంచండి. స్టూడియో తెర మీద గీసిన మెట్లూ పూలకుండీలూ ఉంచండి, తెర కింద సిమెంటు నేల కనిపిస్తే అదీ ఉంచండి. మొహాన్ని ఒక మూలకి జరపండి, అవసరమైతే తల పైభాగం కాగితం అంచుకి తెగిపోనివ్వండి. రెండు కళ్లూ సమానంగా పూర్తి చేయకండి, నీడ వైపు కన్ను మొదటి దెబ్బలో ఎలా వస్తే అలా వదిలేయండి.

ఎవరి పని చూడాలని అడిగితే ఇద్దరు. ఈజిప్టులో ఫయూం దగ్గర దాదాపు రెండు వేల ఏళ్ల నాటి చెక్క పలకల బొమ్మలు దొరికాయి, చనిపోయినవాళ్ల మీద పెట్టడానికి వేసినవి, చాలావాటిలో మైనం కలిపిన రంగులు. తెలియని మనిషి మొహం ఎలా నిలబడుతుందో వాటిని చూస్తే తెలుస్తుంది. రెండోది జర్మనీ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ 1960లలో వేసినవి. ఇంటి ఆల్బం ఫోటోలనే చూసి వేసి, రంగు తడిగా ఉండగానే బ్రష్షుతో అడ్డంగా లాగి మసక చేసేవాడు. అనుకరించమని కాదు, ఫోటోని ఎంత దూరం పెట్టొచ్చో చూడమని.

ఫోటో వెనక్కి తిప్పడం మర్చిపోకండి. మన జిల్లాల వాళ్లు పొట్ట చేతపట్టుకుని ఎక్కడెక్కడికి పోయారో ఆ ముద్రలు చెబుతాయి. ఖరగ్‌పూర్ రైల్వేలోకి వెళ్లినవాళ్లు, రంగూన్ వెళ్లినవాళ్లు. నా దగ్గర రంగూన్ స్టూడియో ముద్ర ఉన్న ఫోటో ఒకటుంది, బర్మా లుంగీ కట్టుకుని, జుట్టుకి నూనె రాసి దువ్విన కుర్రాడు. 1942లో జపాను వాళ్లు వచ్చిపడ్డప్పుడు బర్మా నుంచి లక్షల మంది మనవాళ్లు నడిచొచ్చారు, ఎంతోమంది దారిలోనే పోయారు. ఈ కుర్రాడు వచ్చాడా, లేక ఫోటో ముందే ఇంటికి పోస్టులో వచ్చిందా అనేది ఆ కాగితం చెప్పదు. ఆ బొమ్మకి నేను ముందు వైపు ఏమీ అతికించలేదు. వెనక ముద్ర అచ్చు గుద్దినట్టు పల్చగా ముందుకి వచ్చేలా దించాను, అతని చొక్కా మీదుగా తిరగేసిన అక్షరాల్లో. అక్కడ మాత్రం కావాలనే తిప్పలేదు.

తప్పా అని అడిగారు. చట్టం మాట ముందు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్న మనిషే, స్టూడియో కాదు. ప్రచురించిన ఫోటోకైతే ఆ మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉండేది, 2012 సవరణ తర్వాత అది తీసిన మనిషి పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు అయింది. ఇంటి ఆల్బంలోని ఫోటో ఎక్కడా అచ్చయి ఉండదు కాబట్టి ఈ లెక్క అంత తిన్నగా తేలదు, అమ్మకం పెద్ద ఎత్తున పెట్టుకుంటే ఒక లాయరుని అడగండి. నా పద్ధతి నేను చెబుతాను. వెనక పేరూ ఊరూ రాసి ఉంటే అది బొమ్మలో పెట్టను, నెట్‌లో పెట్టను. ఉత్తరాలు దొరికితే చదవగలిగేలా అతికించను. పసిపిల్లల ఫోటోలు ఒంటి మీద బట్ట లేనివి ముట్టను. ఇంటివాళ్లు వస్తే అసలు ఫోటో వాళ్లది, డబ్బు మాట ఎత్తకుండా ఇచ్చేయడమే. పోర్టరు గారి ఫోటో అలాగే వెళ్లిపోయింది. బొమ్మ కూడా ఇస్తానన్నాను, మనవడు వద్దన్నాడు. "ముందు బిళ్ల పెట్టండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. అగ్గిపెట్టె సైజు ఇత్తడి రేకు కొని గుండ్రంగా కత్తిరించి, నలుపు మీద నల్ల దారంతో కుట్టాను. చొక్కా మాత్రం ఎరుపు చేయలేదు, ఒక్క కాలరు అంచు కింద సన్నగా ఎరుపు కనబడేలా నలుపుని బ్లేడుతో గీకి అక్కడ రంగు నింపాను. అప్పుడు తీసుకెళ్లాడు.

ఫ్రేము గురించి ఒక్క మాట, ఇది చాలామందికి దెబ్బ కొట్టే చోటు. అక్రిలిక్ మన తేమకి పూర్తిగా గట్టిపడదు, అద్దం తగిలితే అతుక్కుంటుంది. బొమ్మకీ అద్దానికీ మధ్య మౌంటు అట్ట పెట్టించండి, గుడ్డా దారం ఉన్న బొమ్మకైతే ఇంకాస్త లోతు ఉన్న ఫ్రేము అడగండి. ఒకసారి ఒక ఫ్రేము కట్టేవాడు అట్ట దండగని అద్దం తిన్నగా బిగించేశాడు, శ్రావణమాసం దాటేసరికి ముసలమ్మ బుగ్గ అద్దానికి వెళ్లిపోయింది. వర్షాకాలంలో పూర్తయిన బొమ్మకి కనీసం రెండు వారాలు ఫ్యాను గాలి తగలనిచ్చి అప్పుడే ఫ్రేముకివ్వండి. పైకప్పు కారే గోడకి, వంటింటి గోడకి తగిలించొద్దు.

ఇక ఆ గీకేసిన మొహం. మీరు రాసినదాన్ని బట్టి ముగ్గురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, నడుమ ఆవిడ మొహం మాత్రం పిన్నుతో గీకేసి ఉంది, పక్కనున్న ఇద్దరికీ ఒక్క గీత తగల్లేదు. అంటే పిల్లలు ఆడుకుంటూ చేసింది కాదు, ఎవరో కూర్చుని జాగ్రత్తగా చేశారు. నా టచింగ్ రోజుల్లో ఇలాంటిది తెస్తే పక్క ఇద్దరిలో ఒకరి మొహం చూసి మూడో మొహం కట్టేసేవాళ్లం, అక్కచెల్లెళ్లేలే అని. మీరు కట్టకండి. ఇరవై మూడింటిలో నేనైతే దీన్నే ముందు చేస్తాను. ప్లైవుడ్ ముక్క మీద జెస్సో మూడు పొరలు మందంగా వేసి నున్నగా రుద్దండి. నడుమ ఆవిడ చీర, చేతులు, ముక్కు కింద నుంచి ఏం మిగిలితే అది, దించండి. పక్క ఇద్దరి మొహాలు మీరు వేయండి, తొందరపడకుండా, రెండు మూడు రోజులు తీసుకుని. నడుమ మొహం ఉండాల్సిన చోట ముందు చర్మం రంగు అంతా వేసేయండి, వెలుగూ నీడా కూడా, నిజంగా మొహం వేస్తున్నట్టే. అది బాగా ఆరాక గుండుసూది తీసుకుని, ఫోటోలో గీతలు ఎటు నుంచి ఎటు పోయాయో చూస్తూ, అవే గీతలు అదే వరసలో తెల్ల జెస్సో బయటపడేదాకా గీయండి. ఎక్కడ గట్టిగా నొక్కారో ఎక్కడ చెయ్యి ఆగిందో మీకు చేత్తోనే తెలుస్తుంది. అది అయ్యాక ఇంకేమీ అతికించకండి, ఫోటో తీసి నాకు పంపండి.